ఫెంటానిల్ చట్టాలు: సరిహద్దు ఒక్కటే నేరస్థలమా?

ఫెంటానిల్ నల్లమందులా పొలంలో పండేది కాదు, రసాయనాలతో తయారయ్యేది. మార్ఫిన్‌కన్నా సుమారు 100 రెట్లు తీవ్రమైనది కనుక ఎన్నో మోతాదులు ఒక్క కవరులో ఇమిడిపోతాయి. అందుకే విదేశీ పార్సెళ్ళ వివరాలు ముందుగా అందాలని అమెరికా 2018లో చట్టం చేసింది. అణువును కాస్త మార్చి చట్టాన్ని తప్పించుకునే దారిని మూయడానికి 2019 మేలో చైనా ఆ జాతి పదార్థాలన్నిటినీ నియంత్రణలోకి తెచ్చింది. వ్యాపారం ఆగలేదు, ముడిరసాయనాలు మెక్సికో చేరాయి, తయారీ అక్కడ సాగింది. 2025 జులైలో అమెరికా ఆ జాతినంతటినీ శాశ్వతంగా మొదటి షెడ్యూలులో చేర్చింది. అవి కలిసిన సరుకు 100 గ్రాములు అమ్మకానికి దొరికితే కనీసం 10 ఏళ్ళ జైలు.

ఈ చట్టాలు అనవసరమని నేననను. విషం అమ్మేవాణ్ణి ఆపవలసిందే. కాని గిరాకీ ఎక్కడ పుట్టింది? 1996లో ఆక్సీకాంటిన్ మాత్రను మార్కెట్లోకి దించిన పర్డ్యూ సంస్థలు, దాన్ని అమ్ముకున్న తీరుకు 2007లోనూ 2020లోనూ కోర్టులో నేరం ఒప్పుకున్నాయి. జరిమానాలతో సరిపోయింది, యజమానులెవరూ జైలుకు పోలేదు. ఆ మాత్రలకు అలవాటుపడ్డవాళ్ళు ఎందరో హెరాయిన్‌కు, తర్వాత ఫెంటానిల్‌కు జారారు.

మోసుకొచ్చినవాడికి జైలు, అలవాటు చేసినవాడికి జరిమానా. సరిహద్దు దగ్గర ఎంత కాపలా పెట్టినా ఈ తేడా చెరగదు. చట్టంలో ఏముందో చదివినంత శ్రద్ధగా, అది ఎవరిని వదిలేసిందో కూడా మనం చదవాలి.