ట్రాక్టరు సేద్యమున కుట్టెడు ఈగల బెడద

గుంతకల్లు ప్రాంతపు మెట్టపొలములలో నేడు దుక్కి మొదలుకొని పంట ఇల్లు చేర్చువఱకు పెక్కు పనులు ట్రాక్టరుతోనే జరుగుచున్నవి. సొంత ట్రాక్టరు లేని రైతులు గంటకింతయని బాడుగకు పిలిపించుకొందురు. ఇందులో ఒక చిక్కు గలదు. ఎద్దులతో దున్ను రైతునకు తన గట్టుమీది చెట్టును, చెట్టుమీది తేనెపట్టును తెలిసియుండును. బాడుగ బండి తోలువాడు ఆ చేనిని అదే మొదటిసారి చూచుచుండును. పొలము గలవాడు చెప్పనిచో, కొమ్మకు వ్రేలాడు పట్టు బండి టాపునకు తగిలిన పిమ్మటనే అతనికి తెలియును. కావున ట్రాక్టరు చేనిలో దిగకముందే ఏ చెట్టున పట్టున్నదో, ఏ పుట్టలో ఈగలున్నవో చూపుట పొలము గలవాని విధి. తోలువాడును సిగ్గుపడక అడుగవలెను.

మఱియొక మాట. ఈ విషయమున ఈగ కాటుకంటె తోలువాని తత్తరపాటు ఎక్కువ అపాయకరము. ఒక్క కందిరీగ ముఖముపై వ్రాలినంతనే స్టీరింగు వదలి కదలుచున్న బండినుండి దూకువారు కలరు. దూకినవాడు వెనుక చక్రము క్రిందనో, తిరుగుచున్న రోటవేటరు కత్తులలోనో పడవచ్చును. మనిషి లేని బండి తన దారిన తాను పోవును. మన చేలలో గోడలేని పాతబావులకు కొదువ లేదు. మడ్‌గార్డుమీద మఱియొకనిని కూర్చుండబెట్టుకొను అలవాటున్నచోట అపాయము రెట్టింపగును.

మనము ముఖ్యముగా జాగ్రత్తపడవలసిన ఈగలు రెండు విధములు. మొదటిది కొండ తేనెటీగ; దీనినే పెద్ద తేనెటీగ యనియు నందురు. ఇది పెట్టెలలో పెంపకమునకు లొంగదు. పెద్ద చెట్ల కొమ్మలకు, కొండ చఱియలకు, నీళ్ల ట్యాంకులకు, వంతెనల అడుగున ఒకే పెద్ద పట్టు పెట్టును. పట్టు గజము వెడల్పున్నను ఆశ్చర్యము లేదు. దానిపై వేలకొలది ఈగలు పొరలు పొరలుగా తెరవలె కప్పుకొనియుండును. అవి బెదరినప్పుడు ఆ తెరపై నీటి అలవంటి కదలిక ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు పాఱును. ఆ అల కంటబడినచో బండిని అంతకంటె దగ్గఱకు తీసికొనిపోరాదు. తొఱ్ఱలలోను పుట్టలలోను ఉండు తేనెటీగయు, పొదలలో అరచేతియంత పట్టు పెట్టు చిన్న తేనెటీగయు ఇంత కోపిష్ఠివి గావు.

రెండవది కందిరీగ. తేనెటీగ ముల్లునకు గాలమునకున్నట్లు కొక్కెములుండుటచే అది మన చర్మమున చిక్కి, విషపుసంచితోగూడ తెగి నిలిచిపోవును, ఈగ చచ్చును. కందిరీగ ముల్లు నునుపు గనుక ఒకే ఈగ పలుమాఱులు కుట్టగలదు.

తేనెటీగ కుట్టినచోటనుండి ఒక వాసన లేచును. అది అరటిపండు వాసనను పోలియుండును. ఆ వాసన తక్కిన ఈగలకు శత్రువు జాడను చూపును. నలిపి చంపిన ఈగనుండియు అదే వాసన వచ్చును. అందుచేత మొదటి కాటు తరువాత అక్కడనే నిలిచి చేతులు విసరుట మఱి పదింటిని పిలుచుటయే యగును. ఇంజను అదురు, నల్లని బట్ట, అత్తరు, వాసన నూనె, మన ఊపిరి గాలి కూడ వాటిని రేపును. తెల్లని లేక లేతరంగు నిండుచేతుల చొక్కాయు, బిగువైన లాగును మేలు. వదులు పంచె పి.టి.ఓ. ఇరుసునకు చుట్టుకొను ప్రమాదము వేఱుగ ఉండనే యున్నది. మెడచుట్టు ఒక తెల్లని తువ్వాలు ఎప్పుడును ఉండవలెను. అవసరమునకు అదే తలయు ముఖమును కాపాడును.

కందిరీగలు చేనిలోకంటె బండిలోనే ఎక్కువగా ఎదురగును. మన కరవు ప్రాంతమున ట్రాక్టరునకు ఏడాది పొడుగున పని యుండదు. వేరుసెనగ విత్తినపిదప నెలల తరబడి పనిముట్లు చెట్టుక్రింద పడియుండును. ఆ విశ్రాంతి కాలముననే కందిరీగలు టాపు అడుగున, సీటు క్రింద, పనిముట్ల పెట్టెలో, రోటవేటరు రేకు లోపల, గొఱ్ఱు గొట్టములలో గూళ్లు కట్టును. కావున ఇంజను తిప్పకముందు పొడుగాటి కఱ్ఱతో ఈ చోట్లన్నియు తట్టి, దూరముగా నిలిచి కొంతసేపు చూడవలెను. గూడున్నచో పగటిపూట ముట్టక, చీకటిపడి ఈగలన్నియు గూటికి చేరినపిమ్మట చిక్కని సబ్బునీరు గట్టిగా చిమ్మిన చాలును. సబ్బునీరు వాటి ఊపిరి రంధ్రములను మూసి చంపును. డీజెలు పోసి నిప్పంటించువారు కలరు. ఈగల కొఱకు ట్రాక్టరును తగులబెట్టుకొనుట లాభసాటి బేరము గాదు.

కొండ తేనెటీగల పట్టును మాత్రము రైతు స్వయముగా కదపరాదు. ఆ ఈగలు ఋతువును బట్టి పట్టు విడిచి వలసపోవును. అంతవఱకు ఆ చెట్టు ప్రక్క నాలుగు సాళ్లు దున్నక విడిచినను నష్టము స్వల్పము. పైగా పొద్దుతిరుగుడు వేసిన రైతునకు గింజ పట్టుటలో తేనెటీగలు చేయు సాయము తక్కువది గాదు. దారిలోనో బడి దగ్గఱనో పట్టుండి తీయక తప్పనిచో, తేనె తీయుటలో ఆరితేఱినవారినే పిలువవలెను. రాత్రియైనంత మాత్రమున భయము లేదనుకొనరాదు. ఈ జాతి ఈగలు వెన్నెల రాత్రులందు మేతకు తిరుగును, దీపమునకును వచ్చును. ఎండకు వెఱచి రాత్రి దున్నువారు బండి దీపములు పట్టువైపు పడకుండ చూచుకొనవలెను.

వేసవిలో నీరు దొరకక ఈగలు కాఱుచున్న రేడియేటరుకడకును, కుండకడకును వచ్చును. మూతలేని చెంబుతో చూడక నీళ్లు త్రాగుట మంచిది గాదు. గొంతులో కుట్టిన ఒక్క కాటు ఒంటిమీది పదింటికంటె చెడ్డది. వాపువలన ఊపిరి ఆడదు.

ఒకటి రెండు ఈగలు చుట్టుముట్టినచో చేయి విసరక, క్లచ్చియు బ్రేకును త్రొక్కి, గేరు న్యూట్రలునకు తెచ్చి, పి.టి.ఓ. ఆపి, అవి పోవువఱకు ఓర్చుకొనవలెను. మంద లేచినచో ఇదే క్రమమును త్వరగా ముగించి, పనిముట్టును నేలకు దించి, ఇంజను నిలిపి, దిగవలెను. ఈ పని చేతికి అలవాటైనవానికి అయిదాఱు నిమేషములకంటె పట్టదు. దున్ను వేగముతో బండిమీద ఈగలను మించి పోవుట అసాధ్యము. దిగినపిమ్మట తువ్వాలుతో ముఖము కప్పుకొని, దారి కనబడునంత సందు విడిచి, ఇంటిలోనికో తలుపులున్న బండిలోనికో తిన్నగా పరుగెత్తవలెను. అవి వందల గజములు తఱుముకొనిరాగలవు. బావిలోనో కుంటలోనో మునుగరాదు. తల పైకెత్తువఱకు అవి నీటిపై కాచుకొనియుండును. కలుపు తీయుచున్న కూలీలవైపు పరుగెత్తరాదు. కేకవేసి వారిని ఆవలికి పొమ్మనవలెను. గొఱ్ఱెలకాపరి గొంగడి కప్పుకొనవచ్చునా యని అడుగుదురు. నల్లని ఉన్నిని చూచిన ఈగలకు కోపము హెచ్చు. అయినను వేఱు చాటు లేనప్పుడు మందపు గొంగడి కొంత కాపాడును. కట్టివేసిన ఎడ్లు పాఱిపోలేవు గనుక, పట్టున్న చెట్టు దాపున పశువులను కట్టనేరాదు.

సురక్షితమైన చోటు చేరినవెంటనే ముండ్లు తీయవలెను. గోటితో గీకవలెనా, వ్రేళ్లతో పట్టి లాగవలెనా యను తర్కము చాలకాలము నడచినది. విషర్, వెట్టర్, కమజీన్ అను శాస్త్రజ్ఞులు 1996లో ప్రకటించిన పరిశోధనలో ఏ విధముగా తీసినను ఒకటేయనియు, ఆలస్యమే చెఱుపనియు తేలినది. పిమ్మట సబ్బునీటితో కడిగి, చల్లని తడిబట్ట వేయవలెను. సున్నము పూయుట మన ఊళ్ల అలవాటు. అది చర్మమును కాల్చునేగాని లోనికి దిగిన విషమును విఱువదు.

కుట్టినచోట వాపును మంటయు సహజములు. ఒళ్లంతయు దద్దురులు లేచినను, నాలుకయో పెదవులో ఉబ్బినను, ఊపిరి బరువైనను, కన్నులు చీకట్లు క్రమ్మినను ఒక్క క్షణము జాగుచేయక 108కి కబురు చేయవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005లో మొదలైన ఈ అంబులెన్సు సేవ పల్లెలకును వచ్చును. రోగిని నడిపింపక పరుండబెట్టి కాళ్లెత్తి యుంచవలెను, ఊపిరాడనిచో కూర్చుండబెట్టవలెను. ఈ స్థితిలో ప్రాణము నిలుపునది తొడకండలో వేయు ఎడ్రినలిను సూది. తక్కిన మాత్రలు దాని తరువాతివే. ఇట్టి గుణమేమియు కనబడకున్నను, పదులకొలది కాట్లు పడినవానిని ఆసుపత్రిలో చేర్పింపవలెను. విషము ఎక్కువైనచో ఒకటి రెండు దినములకు మూత్రము నల్లబాఱి మూత్రపిండములు చెడవచ్చును.

ఒకసారి ఈగ కాటుచే ఒళ్లంతయు దద్దురులెక్కి స్పృహ తప్పినవానికి మఱుసటి కాటు ప్రాణాంతకము కావచ్చును. అట్టివాడు ట్రాక్టరుమీద ఒంటరిగా చేనికి పోరాదు. ఆ సంగతిని బండి యజమానికిని, దున్నించుకొను రైతునకును ముందే తెలిపి, ఎడ్రినలిను దగ్గఱ నుంచుకొను విషయము వైద్యుని అడుగవలెను.