పిడుదును పీకే శాస్త్రం

మా నల్లగొండ పల్లెల్లో గోమారి అన్నా పిడుదు అన్నా ఒకటే. బర్రె పొదుగు పక్కన, కుక్క చెవిలో నెత్తురు తాగి ఉబ్బి వేలాడే ఆ జీవిని చూడని రైతుబిడ్డ ఉండడు. దాన్ని తీయడం అందరికీ వచ్చనుకుంటాం. నేనూ అట్లనే అనుకున్న.

దసరా సెలవులకు ఇంటికి పోతే మా తమ్ముని మెడ వెనుక ఒకటి కరుచుకొని ఉంది. తాత బీడీ ముట్టించి దానికి ఆనించిండు. పిడుదు రాలేదు సరికదా, పిల్లవాని మెడ కాలింది. తర్వాత గోటితో గుంజితే మొండెం ఊడివచ్చింది, మూతి లోపలే ఉండిపోయింది. వారం రోజులు అక్కడ చీము పట్టి వాడు నిద్రపోలేదు.

పిడుదు ఈగలాంటి కీటకం కాదు, సాలీడు వర్గానికి చెందిన ఎనిమిది కాళ్ల జీవి. దాని మూతికి వెనక్కి వంగిన ముళ్లుంటాయి. చాలా జాతులు సిమెంటు వంటి జిగురు కూడా కార్చి చర్మానికి అతుక్కుంటాయి. అందుకే నిప్పుకూ, కిరోసిన్‌కూ, సున్నానికీ వెంటనే వదలదు. పైగా ఆ బాధకు తన లాలాజలాన్ని మరింతగా గాయంలోకి వదలవచ్చు. అందులో రోగక్రిములుంటే అవీ మనకే.

సన్న మొనల ఫోర్సెప్స్ చాలు. బాటనీ ప్రాక్టికల్స్‌కు కొన్నది నా దగ్గర ఉండనే ఉంది! పొట్టను నొక్కకుండా, చర్మానికి ఆనుకొని మూతి దగ్గర పట్టాలి. మెలితిప్పకుండా, కుదపకుండా, ఒకే బలంతో నిదానంగా పైకి లాగాలి. చర్మం కొంచెం లేస్తుంది, తొందరపడవద్దు, వస్తుంది. మూతి ముక్క మిగిలి సులువుగా రాకపోతే సూదితో కెలకరాదు, చర్మమే దాన్ని నెట్టివేస్తుంది. గాయమూ చేతులూ సబ్బుతో కడగాలి. కుక్కకూ ఇదే పద్ధతి; వేళ్ల సందులూ, మెడపట్టీ కిందా వెతకాలి. చెవి లోతుల్లో ఉంటే అది డాక్టరు పని.

నా అసలు భయం తీసిన తర్వాతి సంగతి. నాయిన పాలు పిండే ముందు గోమార్లను పీకి గోళ్ల మధ్య చిట్లగొడతాడు. ఆయన చేతులనిండా పగుళ్లే. 2011లో గుజరాత్‌లో బయటపడ్డ క్రిమియన్-కాంగో జ్వరం పిడుదు కాటుతోనే కాదు, దాన్ని చేత్తో చిదిపినా సోకగలదు. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులనూ మనుషులనూ చంపిన జ్వరానికి వాహకం కూడా పిడుదే. అవి దూరపు మాటలనుకున్నా, సంకరజాతి ఆవుల ప్రాణం తీసే థైలేరియా మన కొట్టాల్లోనే ఉంది. కనుక చిదపకుండా స్పిరిటు సీసాలో వేయాలి. కాటు తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరమో దద్దురో వస్తే డాక్టరుకు ముందుగా ఆ కాటు సంగతే చెప్పాలి.

పత్తికి కొట్టే మందు గొడ్లకు పూసేవాళ్లూ ఉన్నారు. గొడ్డు ఆ ఒళ్లే నాక్కుంటుంది, దాని పాలే మనం తాగుతాం! పశువుల డాక్టరు ఇచ్చే మందు వేరే ఉంది. ఒక్క ఆడ గోమారి రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది కాబట్టి కొట్టం గోడల నెర్రెలు కూడా పూడ్చాలి.

తిరిగొచ్చేటప్పుడు ఫోర్సెప్స్ నాయినకిచ్చిన. "గోమారి గుంజేతందుకు గూడ డిగ్రీ సదవాల్నారా?" అని నవ్విండు. మొన్న ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది, దాన్ని కొట్టం నిట్రాడుకు దారంతో కట్టి పెట్టుకున్నడట.