ఆనపకాయ పులుసు పక్కన ఓ గ్లాసు

ఫిబ్రవరి ఆదివారం పొద్దున్న విశాఖ కూర్మన్నపాలెంలో అక్కావాళ్ల డాబా మీద వంకాయలు కోస్తున్నాం. స్టీల్‌ప్లాంటులో రిటైరైన బావగారు ఏటా అక్టోబరులో ఈ తోట మళ్లీ మొదలుపెడతారు. అది తుపాన్ల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ డాబా మీద ఒక్క కుండీ మిగల్చలేదు. ఆ తర్వాతే పందిరిని ఇనుప కమ్మీలకు బిగించారు, సముద్రం వైపు గ్రీన్ నెట్ కట్టారు. నెట్ లేకపోతే ఉప్పుగాలికి చిక్కుడాకు అంచులు మాడిపోతాయి. కుండీల్లో ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి. సంక్రాంతి దాటాక ఆనపకాయలు, వంకాయలు ఇంటికి సరిపోగా పక్కింటికీ వెళ్తాయి.

సరిగ్గా ఈ రోజుల్లోనే నాసిక్‌లో వైను ద్రాక్ష కోస్తారు. యూరప్‌లో అది వేసవి చివరి పని. మన దగ్గర వానలు తగ్గాక కొమ్మలు కత్తిరిస్తే, చలికాలమంతా కాయ పండి జనవరి నుంచి మార్చి లోపు కోతకొస్తుంది. 1999లో మొదలైన సులా వైను కంపెనీ ఆ చలిని నమ్ముకునే ఎదిగింది. మా వంకాయకూ ఆ ద్రాక్షకూ ఒకటే రుతువు. ఈ సంగతి తెలిశాక రెండిటినీ ఒకే పీట దగ్గర చూడాలనిపించింది.

మన వీధుల్లో ‘వైన్స్’ అని బోర్డు ఉంటుంది గానీ, అమ్ముడయ్యేది ఎక్కువగా బ్రాందీ, విస్కీ, బీరు. షిఫ్టు దిగి, నాలుగు పల్లీలు నంజుకుని, గబగబా తాగేసి ఇంటికొస్తే అన్నం చల్లారిపోయి ఉంటుంది. నాకు బాధ కలిగించేది ఇదే: మన దగ్గర మందు అన్నానికి ముందే అయిపోతుంది, ఇంటికి దూరంగా అయిపోతుంది. వైను అలా కాదు, అది ముద్దకీ ముద్దకీ మధ్య తాగేది.

తెలుగు కూరతో వైను కుదరదనేవాళ్లున్నారు. కారం విషయంలో వాళ్లన్నది నిజమే. ఎర్ర వైనులోని వగరు నాలుక మీద మంటను రెచ్చగొడుతుంది. చింతపండు పులుపు కన్నా వైను పులుపు తక్కువైతే వైను చప్పగా తేలిపోతుంది. గోంగూర వండిన రోజు నేను ఏ సీసా తెరవను. కానీ మా ఉత్తరాంధ్ర వంటింటి దారి వేరు. ఇక్కడ పులుసులో అనకాపల్లి బెల్లం పడుతుంది, కూరలో నువ్వులపొడి పడుతుంది. బెల్లం వేసిన ఆనపకాయ పులుసుతో కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైను, బాగా చల్లగా తాగి చూడండి. పులుపు, తీపి రెండు వైపులా ఉంటాయి కాబట్టి ఏదీ రెండోదాన్ని నొక్కేయదు. నువ్వుల వంకాయకు మాత్రం తేలికపాటి ఎర్ర వైను కావాలి. నువ్వుల కమ్మదనం దాని వగరును మెత్తబరుస్తుంది. ఎర్రదాన్ని గది వేడిలోనే తాగాలన్న మాట చలిదేశాల గదులకు చెల్లుతుంది. విశాఖ ఉక్కపోతలో అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

కాయ కోసిన గంటలోపు పొయ్యెక్కాలి. అలా వండిన లేత వంకాయకు కారం, చింతపండు అంతగా అక్కర్లేదు. వైనుకు చోటు దొరికేది అక్కడే.

750 మిల్లీలీటర్ల సీసాలో అయిదు గ్లాసులు. బావగారికొకటి, నాకొకటి. మిగిలింది మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులుంటుంది. అక్క తాగదు, ఆమెకు మజ్జిగే. అయినా నా గ్లాసు అందుకుని వాసన చూసింది, కూర రుచి చూసింది, కాసేపు ఆలోచించింది.

“వచ్చే వారం కారం ఇంకొంచెం తగ్గించి నువ్వుల కూరే చేస్తాను. నువ్వు ఆ ఎర్రదే తేరా.”