వాటర్ హీటర్ రాడ్ వాడుతున్నారా? స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు.. ప్లగ్ తీశాకే నీళ్లు ముట్టుకోండి!

చలికాలం మొదలైందంటే చాలు.. పొద్దున్నే చాలా ఇళ్లలో బకెట్‌లో హీటర్ రాడ్ పడాల్సిందే. గీజర్ కంటే ధర తక్కువ, ఇల్లు మారినా వెంట తీసుకెళ్లొచ్చు. అందుకే అద్దె ఇళ్లు, బ్యాచిలర్ రూముల్లో దీని వాడకం ఎక్కువ. అయితే నీళ్లు వేడెక్కాయో లేదో చూద్దామని వేలు పెట్టే అలవాటే ఒక్కోసారి ప్రాణాల మీదకు తెస్తుంది.

నీళ్లలోకి కరెంట్ ఎలా వస్తుంది?

రాడ్‌పై మనకు కనిపించేది లోహపు గొట్టం మాత్రమే. కరెంట్ ప్రవహించేది దాని లోపలి కాయిల్‌లో. రెండింటి మధ్య నింపిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి వేడిని బయటకు పంపుతూ, కరెంట్‌ను మాత్రం ఆపేస్తుంది. బోరు నీళ్ల వల్ల రాడ్‌పై తెల్లటి పొర పేరుకుపోయినా, నీళ్లు లేకుండా ఆన్ చేసినా లోపల వేడి పెరిగిపోతుంది. గొట్టానికి పగులు వచ్చి తేమ లోపలికి చేరితే కరెంట్ నీళ్లలోకి లీకవుతుంది. అప్పుడు కూడా నీళ్లు వేడెక్కుతూనే ఉండొచ్చు. కాబట్టి తేడా తెలియదు.

స్విచ్ ఆఫ్ చేసినా డేంజరేనా?

అవును. మామూలు స్విచ్ ఒక్క వైరునే కట్ చేస్తుంది. వైరింగ్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా రాడ్ వరకు కరెంట్ వస్తూనే ఉంటుంది. అందుకే ముందు స్విచ్ ఆఫ్ చేసి, పొడి చేతులతో ప్లగ్ తీసేయాలి. ఆ తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* 1500 వాట్ల రాడ్ సుమారు 6.5 ఆంపియర్ల కరెంట్ తీసుకుంటుంది. చిన్న 6 ఆంపియర్ల సాకెట్, మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్స్ పనికిరావు. 16 ఆంపియర్ల సాకెట్ వాడాలి.
* మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టొద్దు. సాకెట్‌లో ఉత్త వైర్లు గుచ్చొద్దు.
* ఇనుము, అల్యూమినియం బకెట్లు వద్దు. ప్లాస్టిక్ బకెట్ అయితే రాడ్ అంచులకు తగలకుండా చూడాలి.
* 15 లీటర్ల నీళ్లు గోరువెచ్చగా మారడానికి దాదాపు 20 నిమిషాలు చాలు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. పిల్లలు అటువైపు వెళ్లకుండా చూడండి.
* ఐఎస్ఐ మార్క్ ఉన్న రాడ్ మాత్రమే కొనండి. పగుళ్లు, తుప్పు కనిపిస్తే పడేయండి.

ఎంసీబీ ఉంది కదా అనుకుంటే..

ఎంసీబీ షార్ట్ సర్క్యూట్, ఓవర్‌లోడ్ నుంచి వైరింగ్‌ను కాపాడుతుంది. మనిషి ప్రాణం తీసేంత లీకేజీ కరెంట్ దానికి లెక్కలోకే రాదు. ఆ పని చేసేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. గీజర్ ఉన్న ఇళ్లకూ ఇది అవసరమే. బిగించాక దానిపై ఉండే టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడాలి. గీజర్ అయినా స్నానానికి ముందే ఆఫ్ చేసుకోవడం మంచిది.

ఎవరికైనా షాక్ కొడితే?

కంగారులో వాళ్లను పట్టుకుని లాగొద్దు. ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. అది కుదరకపోతే పొడి నేలపై నిలబడి, పొడి కర్రతో పక్కకు నెట్టాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడకపోతే అంబులెన్స్ వచ్చేదాకా సీపీఆర్ చేస్తూనే ఉండాలి.