బ్యాటరీ బండికి పొగగొట్టం లేదు, మరి పొగ ఎక్కడుంది?

ఈ మధ్య ఓ.పి.కి వచ్చేవారిలో కొందరు మందుల చీటీ చేతికి తీసుకున్నాక ఒక మాట అడుగుతున్నారు. "మా అబ్బాయి బ్యాటరీ బండి కొందామంటున్నాడండీ, ఆయాసం ఉన్న ఇంట్లోకి అది మంచిదేనా?" అని. ఇంకొందరు దీనికి ఎదురు ప్రశ్న వేస్తున్నారు. "కరెంటు కూడా బొగ్గు కాల్చి తీసేదే కదా, ఇక బండి మార్చి లాభమేమిటి?" అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే గనుక ఈ సంచికలో రెండింటికీ కలిపి జవాబు రాస్తున్నాం.

మొదటి ప్రశ్నకు జవాబు సులువు. సాయంత్రం పూట అమలాపురం గడియార స్తంభం సెంటరులో పది నిమిషాలు నిలబడితే చాలు. ఆటోలు, బస్సులు, కొబ్బరికాయల లారీలు అన్నీ ఇంజను ఆపకుండానే దారి కోసం ఎదురుచూస్తుంటాయి. తల్లి చెయ్యి పట్టుకుని నడిచే పిల్లవాడి ముఖం ఆ పొగగొట్టాలకు మనకంటే దగ్గరగా ఉంటుంది. డీజిల్ పొగలోని నుసి తల వెంట్రుకలో ఇరవయ్యో వంతు కన్నా సన్నగా ఉంటుంది. ముక్కులోని వెంట్రుకలు గాని, గొంతులోని తేమ గాని దానిని ఆపలేవు. అది ఊపిరితిత్తుల చివరి గదుల వరకూ పోతుంది, అందులో కొంత రక్తంలోనూ కలుస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆ రాత్రి ఆయాసం పెరగడానికి ఇది చాలు. గుండె జబ్బు ఉన్నవారికీ హాని చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. బ్యాటరీ బండి ఈ పొగ వదలదు. టైర్ల అరుగుదల, బ్రేకుల దుమ్ము, రోడ్డు మీది మట్టి దానికీ ఉంటాయి గాని, బజారులో కూర్చుని పూలమ్ముకునే ఆమెకు అది నిస్సందేహంగా మేలు.

ఇక రెండో ప్రశ్న. ఆ బండికి ఎక్కించే కరెంటు ఎక్కడిది?

కరెంటుకు కోనసీమ ఇచ్చిన ఖరీదు

ఈ ప్రశ్న వేరే ఊరివారికి కొత్తగా ఉండవచ్చు. మన కొబ్బరి తోటల కింద గ్యాసు దొరికిన నాటి నుండి కోనసీమవారికి జవాబు తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. తవ్వుతున్న బావి అదుపు తప్పి మంటలు లేచాయి. వాటిని ఆర్పడానికి 65 రోజులు పట్టింది. ఆ రోజుల్లో రాత్రిపూట కూడా ఆకాశం ఎర్రగా ఉండేదని మీ ఇళ్ళలో పెద్దవారు చెప్పే ఉంటారు. 2026 జనవరిలో మలికిపురం మండలం ఇరుసుమండలో బావి నుండి గ్యాసు ఎగజిమ్మి మండినప్పుడు చుట్టుపక్కలవారు మళ్ళీ ఇళ్ళు వదలి పోవలసి వచ్చింది.

ఈ రెండింటి నడుమ నగరం ఉంది. 2014 జూన్ 27, శుక్రవారం తెల్లవారుజాము. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ పైపులైను నుండి కారిన గ్యాసు తోటల మీదా ఇళ్ళ మీదా మంచులా కమ్ముకుని ఉంది. చాలామంది నిద్ర కూడా లేవలేదు. నిప్పు తగలగానే గాలే మండింది. ఇళ్ళు, కొబ్బరి చెట్లు, పశువులు, పక్షులు కాలిపోయాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఒళ్ళంతా కాలినవారిని అమలాపురం, కాకినాడ ఆసుపత్రులకు తరలించారు. కాలిన గాయం ఎంతకాలం బాధిస్తుందో ఆసుపత్రిలో పనిచేసే మాకు తెలుసు. మంట ఆరిన తర్వాత కూడా చర్మం బిగుసుకుపోయి చెయ్యి ముడుచుకోవడానికి లేకుండా ఏళ్ళ తరబడి అవస్థపడేవారున్నారు. తేమ తీయని గ్యాసు పంపడం వల్ల గొట్టం లోపల తుప్పు పట్టిందని తర్వాత జరిగిన విచారణలో తేలింది.

ఆ గొట్టం ఎక్కడికి పోతోంది? తాటిపాక నుండి కొండపల్లి దగ్గరి విద్యుత్ కేంద్రానికి. అంటే ఎక్కడో ఎవరి ఇంట్లోనో ఫ్యాను తిరగడానికి, దీపం వెలగడానికి. ఆ ఇంట్లోవారికి తమ కరెంటు ఎంత శుభ్రంగా కనబడి ఉంటుందో! స్విచ్ వేస్తే పొగ రాలేదు, వాసన రాలేదు. ఆ వాసన నగరం గ్రామం పీల్చింది.

అందుకే బ్యాటరీ బండిని "కాలుష్యం లేని బండి" అని ప్రకటనల్లో రాస్తుంటే మాకు ఒప్పుకోవాలనిపించదు. మన పొగ మన ముక్కు దగ్గర నుండి వేరొకరి ముక్కు దగ్గరకు మారిందేమో చూసుకోవాలి. ఆ వేరొకరి స్థానంలో మనం ఉన్నవాళ్ళమే.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. కోనసీమ పేరు పెట్టి రావులపాలెం మండలం దేవరపల్లిలో 400 మెగావాట్లు దాటిన గ్యాసు విద్యుత్ కేంద్రం కట్టారు. తీరా కట్టాక గ్యాసు చాలక అది మూలబడింది.

ఇప్పుడు మనకు వచ్చే కరెంటు ప్రధానంగా బొగ్గుది. దేశం మొత్తం మీద నాలుగింట మూడు వంతులు బొగ్గు నుండే వస్తోంది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు కేంద్రం, విశాఖ దగ్గరి సింహాద్రి వంటివి మనకు తెలిసిన పేర్లు. మన దేశపు బొగ్గులో మూడోవంతు, ఒక్కోసారి అంతకు మించి బూడిదే ఉంటుంది. బూడిద నీళ్ళ చెరువులు ఎండి గాలి లేచినప్పుడు పక్క ఊళ్ళలో అన్నం పళ్ళెం మీద కూడా మూత పెట్టుకోవాలి. కళ్ళకు కనబడని గంధకపు వాయువు ఇంకా దూరం పోతుంది. దానిని తగ్గించే యంత్రాలు పెట్టాలని కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో నిబంధన తెచ్చింది. గడువు పొడిగిస్తూ పోయి, చివరకు 2025 జులైలో ఎక్కువ కేంద్రాలకు మినహాయింపు ఇచ్చేసింది. ఊపిరితిత్తుల రోగులను చూసేవారిగా మాకు ఇది సమ్మతం కాదు.

అలాగని కరెంటంతా ఒకే రకం కాదు. సీలేరులో కరెంటు తీశాక వదిలిన నీళ్ళు గోదావరిలో కలిసి మన దాళ్వా చేలను ఎన్నోసార్లు గట్టెక్కించాయి. కర్నూలు వైపు ఎండతో, అనంతపురం వైపు గాలితో తీసే కరెంటు ఏటేటా పెరుగుతోంది.

లెక్క వేసి చూద్దాం

మామూలు పెట్రోలు స్కూటరు 100 కి.మీ. తిరగడానికి రెండు లీటర్ల పైన తాగుతుంది. దాని నుండి నాలుగున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. బ్యాటరీ స్కూటరుకు అంతే దూరానికి సుమారు మూడు యూనిట్లు కావాలి. తీగల్లో పోయే నష్టం కూడా కలుపుకుంటే, ఇప్పటి మన కరెంటుతో అది దాదాపు రెండున్నర కిలోలు. అంటే బొగ్గు కరెంటుతో నడిపినా సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. "లాభమేమిటి" అన్నవారికి ఇది జవాబు. లాభం ఉంది, ప్రకటనల్లో చెప్పినంత లేదు.

కాని బ్యాటరీ తయారీకి ముందే ఖర్చయిన శక్తి ఉంది. మూడు యూనిట్లు పట్టే బ్యాటరీ ఫ్యాక్టరీ నుండి బయటికి రావడానికే రెండు వందల నుండి మూడు వందల కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. లిథియం కోసం చిలీ ఎడారిలో నీరు తోడడం, కొన్ని రకాల బ్యాటరీలకు కావలసిన కోబాల్టు కోసం కాంగోలో పిల్లలు కూడా గనుల్లో దిగడం ఈ లెక్కలో లేనే లేవు. ఆ మూడు వందల కిలోలు తీరాలంటే బండి పది నుండి పదిహేను వేల కిలోమీటర్లు తిరగాలి. రోజూ ముప్పై కి.మీ. ఉద్యోగానికి వెళ్ళివచ్చేవారికి ఏడాది, ఏడాదిన్నరలో తీరుతుంది. బజారుకీ, ఆదివారం గుడికీ కలిపి సగటున రోజుకు ఐదు కి.మీ. తిరిగేవారికి ఆరు నుండి ఎనిమిదేళ్ళు. అప్పటికి బ్యాటరీ మార్చే వయసు వస్తుంది.

కాబట్టి మా సలహా ఇలా ఉంటుంది. బాగా నడుస్తున్న పాత బండిని, వారానికి నాలుగుసార్లు తీసేదాన్ని, గాలి కోసమని అమ్మేసి కొత్తది కొనవద్దు. ఎలాగూ కొత్త బండి కొనవలసివచ్చి, రోజూ దూరం తిరిగేవారైతే బ్యాటరీ బండి మంచిదే. అన్నిటికన్నా ముందు మారవలసినవి రోజంతా రోడ్డు మీదే ఉండే ఆటోలు, స్కూలు వ్యానులు, బస్సులు. తిరుమల ఘాట్ రోడ్డు మీద ఆర్.టి.సి. 2022లోనే కరెంటు బస్సులు మొదలుపెట్టింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట మధ్య తిరిగే సర్వీసులకు అవి ఎందుకు రాకూడదని అడగవలసింది మనమే.

వీలైతే పగలు ఛార్జింగు పెట్టండి. ఎండ కరెంటు అప్పుడే ఉంటుంది. సాయంత్రం ఆరు నుండి పది వరకు అందరి ఇళ్ళలో వాడకం పెరిగి బొగ్గు కేంద్రాల మీద భారం పడుతుంది. డాబా ఇల్లు ఉన్నవారికి 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సోలారు పలకలకు 78 వేల రూపాయల వరకు సబ్సిడీ ఉంది. అయితే పైకప్పు మీద కొబ్బరి మట్ట పడే చోట పెట్టకండి!

పడకగదిలో మాత్రం వద్దు

ఇది అందరూ చదవవలసిన భాగం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో పడకగదిలో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు. అదే నెలలో నిజామాబాదులో హాలులో ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. ఆ సంవత్సరం సెప్టెంబరు 12న సికిందరాబాదులో కరెంటు బండ్ల షోరూములో రేగిన మంటల పొగ పై అంతస్తుల్లోని లాడ్జికి పాకి ఎనిమిది మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం బ్యాటరీల పరీక్షలను కఠినం చేసింది. మీరు కొనేటప్పుడు ఆ కొత్త నిబంధనల ప్రకారం తయారైందేనా అని అడగండి. చౌకగా వస్తుందని పాత సెల్లులు జోడించి అమ్మే బ్యాటరీ కొనకండి.

ఛార్జింగు వరండాలోనో, బయట పాకలోనో పెట్టాలి. గుమ్మానికి అడ్డంగా పెట్టకూడదు. మంట లేస్తే బయటికి పోయే దారి అదే కదా. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే పెట్టకుండా చల్లారనివ్వండి. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. రాత్రంతా పెట్టి పడుకోవద్దు. బ్యాటరీ ఉబ్బినా, వింత వాసన వచ్చినా, బుస్సుమని శబ్దం చేసినా దాన్ని ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయండి.

మన వైపు ఇంకొక జాగ్రత్త ఉంది. తుపాను ఉప్పెనలోనో, గోదావరి వరదలోనో బండి మునిగితే అది ఆరిపోయిందని మళ్ళీ ఛార్జింగు పెట్టవద్దు. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయన్ తుపాను తర్వాత ఉప్పునీటిలో తడిసిన కరెంటు కార్లు రోజుల తర్వాత వాటంతట అవే అంటుకున్నాయి. లంక గ్రామాలవారు, అంతర్వేది వైపువారు దీన్ని గుర్తుంచుకోవాలి. మునిగిన బండిని ఇంటికి యాభై అడుగుల దూరంలో ఆరుబయట పెట్టి మెకానిక్కును పిలవండి.

ఒళ్ళు కాలితే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు ఉంచండి. పేస్టు, పసుపు, సిరా, కొబ్బరినూనె రాయకండి. శుభ్రమైన గుడ్డ కప్పి 108లో తీసుకురండి. బ్యాటరీ పొగ పీల్చినవారు అప్పటికి బాగానే ఉన్నా ఆసుపత్రికి రావాలి. ఆ పొగలోని ఆమ్ల వాయువు ఊపిరితిత్తులను కొన్ని గంటల తర్వాత దెబ్బతీయవచ్చు.

పాత బ్యాటరీ

చాలా బ్యాటరీ రిక్షాల్లోనూ, మీ ఇంటి ఇన్వర్టరులోనూ ఉండేది సీసం బ్యాటరీ. దానిలోని సీసం పిల్లల మెదడుకు విషం. 2020లో యునిసెఫ్ వెలువరించిన నివేదిక ప్రకారం మన దేశంలో సుమారు 27 కోట్ల మందికి పైగా పిల్లల రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. పాత బ్యాటరీలను పెరట్లో పగలగొట్టి కరిగించడం అందుకు ఒక ముఖ్య కారణం. వలలకు గుండ్లు పోసుకోవడానికి బ్యాటరీ సీసాన్ని పొయ్యి మీద కరిగించవద్దు. దాని ఆవిరి వంటగదిలోనే ఉండిపోతుంది. ఆమ్లం నీళ్ళు కాలువలో పారబోయవద్దు.

2022 ఆగస్టులో వచ్చిన నిబంధనల ప్రకారం అన్ని రకాల పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారుచేసినవారిదే. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చి రశీదు అడగండి. బ్యాటరీ పని చేసేవారు ఇంటికి రాగానే బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని ఆ తర్వాతే పిల్లలను ఎత్తుకోవాలి. బిడ్డకు రక్తహీనత, తరచూ కడుపునొప్పి, చదువులో వెనుకబాటు కనిపించి, ఇంట్లో ఎవరైనా ఈ పని చేస్తుంటే, ఆ సంగతి ఓ.పి.లో డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. అడగనిదే అది మాకు తెలియదు, రక్తంలో సీసం పరీక్ష వేరుగా రాయాలి.