వంద గుండెలు చాలవు

గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన 100 మందిలో 10 మంది నెల తిరక్కుండానే చనిపోతున్నారనుకుందాం. ఫలానా మందు ఆ పదిని ఎనిమిదికి దించుతుందని ఒక యువ డాక్టరు నమ్మకం. తన వార్డులో 200 మందిని తీసుకుని, చీట్లు తీసి, సగం మందికి మందు, సగం మందికి మందులేని మాత్ర ఇచ్చాడు. అటు 8 మరణాలు, ఇటు 10. మందు పనిచేసినట్టేనా? చెప్పలేం. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మే పడటం వింతేమీ కాదు, ఇదీ అలాంటిదే కావచ్చు. మందు వల్ల నిజంగా అంత మేలు ఉంటే దాన్ని పట్టుకోగల అవకాశం 80 శాతమైనా ఉండాలంటే, లెక్క ప్రకారం ఒక్కోవైపు సుమారు 3,200 మంది కావాలి. మొత్తం 6,400.

కార్డియాలజీలో పరిశోధకులు కావాలనుకునేవాళ్లు ముందుగా జీర్ణించుకోవాల్సింది ఈ సంఖ్యనే. ఫలానా డాక్టరుది మంచి హస్తవాసి అంటాం. ఆ నమ్మకం రోగికి ధైర్యమిస్తుంది, కాదనను. కానీ హస్తవాసి ఎంత, మందు ఎంత, కాలం కలిసిరావడం ఎంత అని విడదీయడం ఒక్క డాక్టరు, ఒక్క వార్డు వల్ల అయ్యే పని కాదు.

ఈ సంగతి ముందే గ్రహించినవారిలో సలీం యూసుఫ్ ఒకరు. 1952లో కేరళలోని కొట్టారక్కరలో పుట్టి, బెంగళూరు సెయింట్ జాన్స్‌లో వైద్యం చదివి, రోడ్స్ స్కాలర్‌షిప్‌తో ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. అక్కడ హృద్రోగ నిపుణుడు పీటర్ స్లైట్‌తో పాటు గణాంక నిపుణుడు రిచర్డ్ పీటో దగ్గరా పనిచేశారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఈ రెండో సహవాసమేనని నా అభిప్రాయం. రోగికి మరీ చిక్కు పరీక్షలు పెట్టకుండా, వేలమందిని చేర్చుకునే ట్రయల్స్ ఎందుకు కావాలో 1984లో పీటో, రోరీ కాలిన్స్‌లతో కలిసి ఒక వ్యాసంలో వాదించారు. గుండెపోటు చికిత్సలను పరీక్షించిన ఐసిస్ ట్రయల్స్ అలాంటివే. 1986లో వెలువడిన ఐసిస్-1లో 16,027 మంది రోగులు. 1988 నాటి ఐసిస్-2లో 417 ఆసుపత్రుల నుంచి 17,187 మంది.

ఐసిస్-2 అంకెలు ఒకసారి నిదానంగా చూడాలి. ఆస్పిరిన్ గానీ, గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ గానీ ఇవ్వని 4,300 మందిలో 5 వారాల్లో గుండె, రక్తనాళాల కారణాలతో 568 మంది పోయారు. రెండూ ఇచ్చిన 4,292 మందిలో 343 మంది. అంటే 13.2 శాతం నుంచి 8 శాతానికి. వందకు అయిదు ప్రాణాలు! అందులో ఒకటైన ఆస్పిరిన్ చాలా చవక మాత్ర. ఇదే నివేదికలో రచయితలు మరో పాఠం కూడా చెప్పారు. రోగులను పుట్టిన రాశుల వారీగా విడదీసి చూస్తే మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ వల్ల మేలు లేకపోగా కాస్త కీడే కనిపించింది. పెద్ద లెక్కను చిన్న ముక్కలుగా కోస్తే అంకెలు ఎంతటి అబద్ధమైనా చెబుతాయని చూపడానికే వాళ్లు అలా చేశారు. పరిశోధనలోకి అడుగుపెట్టే ప్రతి డీఎం (సూపర్ స్పెషాలిటీ) విద్యార్థికీ ఈ పట్టికను మొదటి వారంలోనే చూపించాలి.

మన దేశం సంగతికొస్తే, రోగులకు కొదవ లేదు, లెక్కకే కొదవ. ఆ లోటు కొంత తీర్చింది క్రియేట్ రిజిస్ట్రీ, అంటే రోగుల వివరాల నమోదు. సెయింట్ జాన్స్‌కు చెందిన డెనిస్ జేవియర్, ప్రేమ్ పైస్ తదితరులు 50 నగరాల్లోని 89 ఆసుపత్రుల నుంచి 20,468 మంది వివరాలు కూర్చి 2008లో ప్రచురించారు. రోగుల సగటు వయసు 57 దాటింది. తీవ్రమైన గుండెపోటు వచ్చినవారు నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. చేరాక గడ్డ కరిగించే మందు పడటానికి 50 నిమిషాలు. ఆరు గంటలు దారిలోనూ, ఇంట్లోనూ పోయాయి, వార్డులో పోయింది గంటలోపే. 30 రోజుల్లో మరణించినవారు పేదల్లో 8.2 శాతం, సంపన్నుల్లో 5.5 శాతం. ఎవరికి ఏ చికిత్స అందిందో లెక్కలోకి తీసుకుని చూస్తే ఆ తేడా మాయమైంది. అంటే పేదవాడి గుండె వేరుగా లేదు, అతనికి అందిన వైద్యమే వేరు. కొత్త మందు కనిపెట్టకపోయినా, ఒక ప్రభుత్వం ఏం చేయాలో ఇంత సూటిగా చెప్పిన పరిశోధన నా దృష్టిలో చాలా గొప్పది.

అలాంటి లెక్క తెలుగు నేల మీదా జరిగింది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, 1,80,162 మంది జనాభాలో ఏడాదిలో నమోదైన 1,354 మరణాల కారణాలను ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. చనిపోయేముందు ఏం జరిగిందో కుటుంబ సభ్యులను అడిగి తెలుసుకునే పద్ధతి ఇది. 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాల వాటా 12 శాతం. పల్లెల్లో గుండెజబ్బులు తక్కువన్న నమ్మకం అక్కడ నిలవలేదు. 2006లో వెలువడిన ఈ అధ్యయన రచయితల్లో కె. శ్రీనాథ్ రెడ్డి ఒకరు. హైదరాబాద్ ఉస్మానియాలో ఎంబీబీఎస్, ఢిల్లీ ఎయిమ్స్‌లో కార్డియాలజీ, ఆపైన కెనడాలోని మెక్‌మాస్టర్‌లో ఎపిడెమియాలజీ చదివారు. కార్డియాలజిస్టు అయ్యాక కూడా లెక్క నేర్చుకోవడానికి మళ్లీ తరగతి గదిలో కూర్చున్నారు.

ఇక వయసు లెక్క. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడు, డీఎం మూడు. ఎక్కడా ఒక్క ఏడూ పోకపోతే 18లో చేరినవాళ్లు ఇరవై తొమ్మిదిన్నరకు బయటికొస్తారు. ప్రవేశ పరీక్షలు, బాండ్లు కలిస్తే ముప్పై దాటుతుంది. సరిగ్గా ఆ వయసులోనే కార్పొరేట్ క్యాథ్ ల్యాబ్ పిలుస్తుంది, ఇంటి అప్పులూ పిలుస్తాయి. పరిశోధన చూస్తే నెమ్మదిగా నడుస్తుంది. పలు మందులను ఒకే మాత్రలో పెట్టే పాలీపిల్ ఆలోచన 2003లో ప్రముఖంగా ముందుకొచ్చింది. అలాంటి మాత్రకు ఆస్పిరిన్ కూడా కలిపితే గుండెపోటు, పక్షవాతం, తత్సంబంధ మరణాలు వంటివన్నీ కలిపి 31 శాతం తగ్గుతాయని, 5,713 మందితో జరిగిన టిప్స్-3 ట్రయల్ తేల్చింది 2020లో. పదిహేడేళ్లు. ఇంత నిరీక్షణకు జీతం భరోసా లేకపోతే ఎవరు నిలుస్తారు?

భరోసాలు కొన్ని లేకపోలేదు. ఎంబీబీఎస్ విద్యార్థులకు 1979 నుంచి ఐసీఎంఆర్ రెండు నెలల పరిశోధన అవకాశం ఇస్తోంది. 2008లో మొదలైన ఇండియా అలయన్స్, హైదరాబాద్ కార్యాలయంగా, డాక్టర్లకు అయిదేళ్ల ఫెలోషిప్‌లు ఇచ్చింది. చెన్నైలోని ఎపిడెమియాలజీ సంస్థ నడిపే ప్రాథమిక పరిశోధన కోర్సు పీజీలకు తప్పనిసరి. అయినా చాలాచోట్ల ఎండీ థీసిస్ బైండింగ్ చేయించి బీరువాలో పెట్టడంతో ముగిసిపోతోంది. ఒక్కొక్కరూ ఒక్కో అంశం, ఒక్కో ఫారం, వందేసి మంది రోగులు. ఏ రెండూ కలపడానికి వీల్లేదు.

మొదట చెప్పిన 6,400కు మళ్లీ లెక్క వేస్తే 64 కాలేజీలు, కాలేజీకి 100 మంది. మందులు పోల్చే ట్రయల్‌కు డబ్బు, బీమా, నియంత్రణ సంస్థల అనుమతి కావాలి, వెంటనే కుదరకపోవచ్చు. రిజిస్ట్రీకి అంత ఖర్చుండదు. ప్రతి కాలేజీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, రోగి అంగీకారం తీసుకోవాలి, అందరూ ఒకే ఫారం వాడాలి. నొప్పి మొదలైన వేళ, ఆసుపత్రి చేరిన వేళ, ఇచ్చిన చికిత్స, 30వ రోజున ఫోన్ చేసి కనుక్కున్న పరిస్థితి. ఈ నాలుగు గడులు వందమందికి నింపడం మూడేళ్ల ఎండీలో ఏ పీజీకైనా సాధ్యమే.