గవాచిలో తేనెతుట్టె

మీ ఇంట్లో పొయ్యి ఎక్కడ ఉంది? దాని పొగ ఎటు పోతుంది?

కైరుప్పలలోనూ, ఆస్పరి చుట్టుపక్కల పల్లెల్లోనూ పాత ఇళ్లు మట్టి మిద్దెలు. పొయ్యికి పైన మిద్దెలో ఒక బొక్క ఉంటుంది. దాన్ని గవాచి అంటాము. వెలుతురు అందులోనుంచే వస్తుంది. పొగ అందులోనుంచే పోతుంది. వాన వస్తే పైన బండ మూస్తాము. కొన్ని ఇళ్లలో పొగ గొట్టం ఉంది. 1980ల నుంచి ప్రభుత్వం పొగలేని పొయ్యిలు పెట్టించింది. ఆ పథకం 2002లో ఆగిపోయింది. గొట్టాలు కొన్ని మిద్దెల మీద ఇంకా నిలబడి ఉన్నాయి.

వేడి గాలి తేలిక. అందుకే అది పైకి పోతుంది. పోతూ పోతూ పొగను వెంట తీసుకుపోతుంది. పైన దారి మూసుకుపోతే పొగ తిరిగి ఇంట్లోకే వస్తుంది. కండ్లు మండుతాయి. దగ్గు వస్తుంది. పొగలో కంటికి కనపడని విషవాయువు కూడా ఉంటుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు. తల నొస్తుంది, తల తిరుగుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. తలుపు వేసిన ఇంట్లో ఐతే ప్రాణమే పోవచ్చు.

మా వీధిలో ఒక అవ్వ ఉంది. "పొగ బయటికి పోదే తల్లీ, పొయ్యి పాడైపోయిండాది" అనేది. పొయ్యి మార్చి మళ్లీ వేసింది. ఐనా పొగ పోలేదు. చివరికి మనుమడు మిద్దె ఎక్కి చూసినాడు. గొట్టం నిండా ఉడత గూడు! పత్తి, పీచు, గుడ్డపేలికలు కుక్కి పెట్టింది. తప్పు పొయ్యిది కాదు.

ఉడత ఒక్కటే కాదు. పిచ్చుకలు గడ్డి తెస్తాయి. కందిరీగలు మట్టితో గూళ్లు కడతాయి. బల్లులు, జెర్రులు, తేళ్లు సందుల్లో దూరుతాయి. ఎలుకలు, పక్షి గుడ్లు ఉన్నచోటికి పాము కూడా వస్తుంది. అన్నిటికన్నా భయం తేనెటీగలతోనే.

తేనెటీగలు అన్నీ ఒకటి కాదు. పెద్ద తేనెటీగ ఎత్తైన చెట్టుకో, బండకో, నీళ్ల ట్యాంకుకో ఒకే పెద్ద తుట్టె వేలాడదీస్తుంది. అది గొట్టంలోకి రాదు. చిన్నగా ఉండే తొర్ర తేనెటీగకు చీకటి కావాలి. చెట్టు తొర్ర, పుట్ట, గోడ సందు దానికి ఇష్టం. వాడని పొగ గొట్టం కూడా దానికి తొర్ర లాంటిదే.

వాడని గొట్టం అన్నాను, చూడండి. రోజూ రెండు పూటలా పొయ్యి రాజేస్తే ఈగలు దగ్గరికి రావు. మన అవ్వల కాలంలో ఈ బాధ తక్కువ. 1999లో దీపం పథకం వచ్చింది. పొదుపు సంఘాల ఆడవాళ్లకు గ్యాసు ఇచ్చినారు. 2016లో ఉజ్జ్వల వచ్చింది. గ్యాసు వచ్చినాక కట్టెల పొయ్యి నెలలకొద్దీ చల్లగా ఉంటోంది. సిలిండరు అయిపోయిననాడో, పెండ్లికో, నీళ్లు కాచడానికో దాన్ని వెలిగిస్తాము. ఈలోపల ఈగలు కాపురం పెట్టేస్తాయి.

అవి ఎట్లా వస్తాయి? ఒక తుట్టెలో ఈగలు బాగా పెరిగినప్పుడు ముసలి రాణి ఈగ సగం ఈగలను తీసుకుని బయలుదేరుతుంది. దారిలో ఏదో కొమ్మకు గుత్తిలా వేలాడతాయి. కొన్ని ఈగలు ఇల్లు వెతకడానికి పోతాయి. కొమ్మ మీద గుత్తి కనిపిస్తే కదిలించకండి. చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో అవే పోతాయి. కానీ గొట్టంలోకి ఈగలు పోతూ వస్తూ, కాళ్లకు పసుపు పచ్చని పుప్పొడి ముద్దలు పెట్టుకుని ఉంటే, అవి ఇల్లు కట్టుకున్నట్టే.

అప్పుడు ఏం చేయాలి? ముందు ఏం చేయకూడదో చెప్తాను. కింద మంట వేయకండి. "తేనె కొట్టేవాళ్లు పొగ పెట్టరా?" అని మీరు అడగొచ్చు. పెడతారు. వాళ్లది చల్లని పొగ, కొంచెం పొగ. పొగ తగిలితే ఈగలు తేనె తాగి మెత్తబడతాయి. మంట వేస్తే అట్లా కాదు. మైనం కరిగి తుట్టె ఊడి పొయ్యిలో పడుతుంది. మైనం, మసి రెండూ అంటుకుంటాయి. రెక్కలు కాలని ఈగలు పొయ్యి నోట్లోనుంచి ఇంట్లోకి వస్తాయి. ఇంట్లో పసిబిడ్డ ఉయ్యాలలో ఉంటే?

పత్తికి కొట్టే మందు కూడా చల్లకండి. మన ఇళ్లలో ఆ డబ్బా చేతికి అందేచోటే ఉంటుంది, అందుకే చెప్తున్నాను. మందు తేనెలో కలుస్తుంది. ఆ తేనె పిల్లలు తింటారు. మందు కారి పొయ్యి మీద కూడా పడుతుంది. పైగా ఈగ మనకు పనికొచ్చేది. పొద్దుతిరుగుడు పువ్వులో గింజ బాగా నిండాలంటే ఈగ వాలాల్సిందే.

పొయ్యి ఆపేయండి. పొయ్యి నోటికి తడిపిన గోనెపట్ట అడ్డం పెట్టండి. పిల్లలను, గొడ్లను దూరంగా ఉంచండి. తేనె తీసే పని తెలిసినవాళ్లను పిలవండి. తుట్టె మొత్తం, మైనంతో సహా తీయించండి. మైనం వాసన మిగిలితే ఇంకో గుంపు అక్కడికే వస్తుంది.

ఈగ కుడితే ముల్లు ఒంట్లోనే ఉండిపోతుంది. గోరుతో వెంటనే గీకి తీసేయండి. ఆలస్యమయ్యేకొద్దీ విషం ఎక్కుతుంది. కుట్టినచోట పండిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. ఆ వాసనకు మిగతా ఈగలు కూడా అక్కడికే వస్తాయి. అందుకే నిలబడి చేతులు ఊపకండి. ముఖం కప్పుకుని ఇంట్లోకి పరుగెత్తి తలుపు వేసుకోండి. తర్వాత సబ్బుతో కడిగి, చల్లనీళ్ల గుడ్డ వేయండి. పెదాలు, ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, కండ్లు తిరిగినా 108కి ఫోను చేయండి. ఒక్క ఈగ కుట్టినా కొందరికి ఇట్లా అవుతుంది. సున్నం పూసి చూద్దామని కూర్చోవద్దు. చాలా ఈగలు కుడితే, బాగానే ఉన్నట్టు కనిపించినా, ఆసుపత్రికి పోవాల్సిందే.

ఇక రాకుండా ఎట్లా? వాడే గొట్టానికి పైన రేకు టోపీ, దాని చుట్టూ ఇనుప జాలీ కట్టాలి. జాలీ కన్ను అర అంగుళం ఉండాలి. ఆదోని, ఎమ్మిగనూరు ఇనుప సామాన్ల అంగళ్లలో అడగండి. ప్లాస్టిక్ జాలీ వద్దు, వేడికి కరుగుతుంది. అర అంగుళం కన్నులో ఉడత, పిచ్చుక పట్టవు. ఈగ పడుతుంది. ఈగ కూడా పట్టనంత సన్న జాలీ వేస్తే నాలుగు రోజుల్లో మసి పట్టి మూసుకుపోతుంది. రోజూ మంట ఉన్నచోట పొగే ఈగకు కావలి.

వాడని గొట్టానికి, గవాచికి పూర్తిగా మూత వేయండి. గాలికి పోకుండా రాయి పెట్టండి. మూత వేసిన రోజే కింద పొయ్యికి ఎర్రగుడ్డ కట్టండి. లేకపోతే ఏ కోడలో తెలియక మంట వేస్తుంది. పొగంతా ఇంట్లోనే తిరుగుతుంది. గుడ్డ చూస్తే ముందు మిద్దె ఎక్కి మూత తీస్తారు.

పాత గొట్టం ఆస్‌బెస్టాస్‌ది ఐతే కోయకండి, పగలగొట్టకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది.

పత్తి కట్టె వామి, పిడకల కుప్ప గోడకు ఆనించి వేయకండి. ఎలుకకూ ఉడతకూ అది నిచ్చెన. తేలుకు ఇల్లు. ఉగాది మరునాడు పిడకల సమరానికి మన ఊళ్లో పిడకలు కుప్పలు పోస్తారు కదా, వంటకు దాచుకున్న కుప్పలోనుంచి పిడక తీసేటప్పుడు మాత్రం చేయి పెట్టకుండా ముందు కట్టెతో కదిలించండి. మిద్దె మీదికి వంగిన వేపకొమ్మను కూడా కొట్టించండి.

ఉగాదికి ముందు ఎట్లాగూ ఇంటికి సున్నం కొడతాము. ఆనాడే గవాచినీ, గొట్టాన్నీ చూడండి. ఎండ బాగా ఉన్నప్పుడు దూరంగా నిలబడి కాసేపు చూస్తే చాలు. ఈగలుంటే పోతూ వస్తూ కనిపిస్తాయి.